ఆది జాకెట్టు

గంగరత్న ఇంట్లో బీరువాకు నిలువుటద్దం ఉంది. ఆ అద్దంలో గంగరత్న ఎప్పుడూ మెడ వరకే కనపడుతుంది. అద్దం చిన్నదై కాదు. అద్దానికి అడ్డంగా, సరిగ్గా ఆమె మెడ ఎత్తున ఒక దారం కట్టి ఉంటుంది. ఆ దారం మీద ఒక తువ్వాలు వేలాడుతూ ఉంటుంది. తువ్వాలు ఆరేయడానికి ఇంట్లో అంతకంటే మంచి చోటు లేదని ఆమె చెబుతుంది. ధర్మవరం ఎండలు తెలిసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. మిద్దె మీద దండెం ఖాళీగా ఉండగా అద్దం మీద తువ్వాలు ఆరేసే పెళ్లాన్ని చూసి బాలప్ప కొన్నాళ్లు ఆశ్చర్యపోయాడు, కొన్నాళ్లు నవ్వుకున్నాడు, ఆ తర్వాత అలవాటు పడ్డాడు. గడ్డం గీసుకోవడానికి ఆయనకు కూడా మెడ వరకు కనపడితే చాలు.

పెళ్లప్పుడు గంగరత్న సన్నగా, గాలికి కొట్టుకుపోయేట్టు ఉండేది. యాభై దాటేసరికి గాలికి ఆమెతో పని లేకుండా పోయింది. చేసేది కూర్చుని చేసే పని. పట్టుచీర మగ్గం మీది నుంచి దిగాక, కొంగు చివర వదిలేసిన పోగులను పాయలు పాయలుగా తీసి ముడులు వేసి కుచ్చులు కట్టాలి. చీర ఇచ్చేదానికి ఒకామె వస్తుంది, తీసుకుపోయేదానికి ఇంకొకామె వస్తుంది, ఊరికే కూర్చునేదానికి మరొకామె వస్తుంది. అందరూ మాట్లాడతారు. గంగరత్న వేళ్లు ముడులు వేస్తుంటే చెవులు మాటలు ఏరుకుంటాయి. మధ్యాహ్నం అందరూ పోయాక ఆ మాటలు కథలవుతాయి. ఏడో తరగతితో బడి మానేసింది గానీ చదవడం మానలేదు. చదివీ చదివీ ఒకరోజు రాయడం మొదలుపెట్టింది. కొన్ని కథలు పత్రికల్లో వచ్చాయి. ఎవరూ ఆమెను చూడలేదు కాబట్టి ఆ పని హాయిగా సాగిపోయింది.

ఆ హాయికి హిందూపురం నుంచి ఒక ఫోను వచ్చి గండి కొట్టింది. ఫోను చేసిన సంగీత అక్కడ కాలేజీలో తెలుగు చెబుతుంది. చుట్టుపక్కల రాసే ఆడవాళ్లను పోగుచేసి ఏటా ఒక సభ పెడుతుంది.

"అక్కా, ఈసారి సభలో మీకు సన్మానం. మీరు మాట్లాడల్ల గూడా."

"నేనా? నేను రాలేను తల్లీ. నాకు మోకాళ్ల నొప్పులు."

"మోకాళ్లతో మాట్లాడమని ఎవరన్నారక్కా? 'నేను ఎందుకు రాస్తున్నాను' అని నాలుగు మాటలు చెప్తే చాలు. ఆఁ, ఒక ఫోటో గూడా పంపండి. ఫ్లెక్సీ వేయిస్తాండాం."

గంగరత్న ఫోను పెట్టేసి చాలాసేపు కుచ్చులు ముట్టలేదు. సన్మానమంటే వేదిక ఎక్కాలి. వేదిక ఎక్కితే జనం చూస్తారు. జనం మెడ వరకే చూసి ఆగరు. అక్కడ తువ్వాలు ఉండదు.

అది ఒక భయం. రెండోది ఆ ప్రశ్న. ఎందుకు రాస్తున్నావు అంటే ఏమి చెప్పాలి? బాలప్పను అడిగింది. బాలప్ప నడుము నొప్పితో మగ్గం మానేసినప్పటి నుంచి ప్రతిదానికీ సలహా ఇచ్చే మనిషి.

"ఉప్మా ఎందుకు చేస్తాండావని ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు.

"ఆకలైతాది కాబట్టి."

"ఇదీ అంతే. ఆకలైతాది అని చెప్పేసి దిగి వచ్చెయ్."

"ఎవురికి ఆకలి? నాకా, చదివేవాళ్లకా?"

బాలప్ప ఆలోచించి, ఉప్మా ఉందా అని అడిగాడు.

చివరికి ఆమె తాను చదివిన పుస్తకాల ముందుమాటలన్నీ గుర్తుచేసుకుని, సమాజ చైతన్యం అనీ, స్త్రీ అభ్యుదయం అనీ పెద్ద పెద్ద మాటలతో ఒక కాగితం రాసుకుంది. బిగ్గరగా చదువుకుంటే వేరే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. అదే మంచిదనుకుంది. వేరే ఎవరో అయితే తనకు భయం ఉండదు.

ఫోటో విషయంలోనూ అదే పని చేసింది. ఆల్బంలో వెతికి, స్టూడియోలో అక్కతో దిగిన పాత ఫోటో ఒకటి తీసి బాలప్ప చేత సంగీతకు పంపించింది. కుడిపక్క నిలబడింది నేను అని చెప్పింది.

"ఈ ఫోటో చూసి నిన్ను ఎవురు గుర్తుపడతారే?" అన్నాడు బాలప్ప.

"పట్టకపోతే మంచిదే గదా."

ఇక చీర. దాని గురించి ఆలోచించే పని లేదు. మగ్గం మానేసే ముందు బాలప్ప చివరగా నేసిన పసుపు చీర, నేరేడుపండు రంగు అంచుది, కట్టకుండా దాచిపెట్టింది ఒకటుంది. దానికి జాకెట్టు కుట్టించాలి. ఇక్కడే గంగరత్న పెద్ద పొరపాటు చేసింది.

ఈ వైపు ఆడవాళ్లు టైలరు ముందు నిలబడి టేపుతో కొలతలు ఇచ్చేది తక్కువ. ఒంటికి సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి గుడ్డతో పాటు ఇస్తారు. అదే ఆది. దానికి ఎంత ఉంటే అంత కుట్టాలి. ఒళ్లు మారినప్పుడల్లా ఆది కూడా మార్చాలి గానీ, ఒళ్లు మారినట్టు ఒప్పుకునేది ఎవరు? గంగరత్న ఆది జాకెట్టు ఆమె సన్నగా ఉన్ననాటిది. పెనుకొండలో ఉన్న అక్క తిమ్మక్క స్వయంగా కుట్టింది. చిన్న చిన్న ఎర్రపూలు, ఉతికి ఉతికి పూలేవో మరకలేవో తెలియకుండా అయిపోయాయి.

తిమ్మక్క బస్టాండు పక్కన మిషను పెట్టుకుని ఊరందరికీ కుట్టేది. మనిషి భారీ. చేతులు రోకళ్లంత ఉండేవి. సిగ్గు అనేది ఆమెకు కొలత తెలియని గుడ్డ. బస్సు ఎక్కితే ఎక్కినట్టు అందరికీ తెలియాలి. "జరగండమ్మా, జరగండి! ఇద్దరు మనుషులంత ఉండా, టికెట్టు మాత్రం ఒకటే తీసుకుంటా!" అని అరిచేది. బస్సంతా నవ్వేది. నవ్వుతూ జరిగేది. సన్నని గంగరత్న ఆమె పక్కన, ఎండ తగలకుండా, హాయిగా కూర్చునేది.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు తిమ్మక్క ఆస్పత్రికి పోతూ ఫోను చేసి, "పోయొస్తా రత్నా" అంది. రాలేదు. గంగరత్నకు నాయన కూడా అలాగే పోయాడు, చిన్ననాటి స్నేహితురాలు అలాగే పోయింది. అందరూ పోయొస్తామనే పోయారు. అందుకో ఏమో, ఆమె కథలన్నీ బస్టాండులోనో రైల్వే స్టేషనులోనో అయిపోతాయి. ఎవరో ఎక్కుతారు, ఎవరో చెయ్యి ఊపుతారు, కథ అయిపోతుంది.

తిమ్మక్క మిషను మీద ఇప్పుడు మునెమ్మ కూర్చుంటుంది. ఆమె తిమ్మక్క దగ్గరే పని నేర్చుకుంది. ధర్మవరంలో ఎందరు టైలర్లున్నా గంగరత్న గుడ్డ పెనుకొండకే పంపుతుంది, ఆ ఎర్రపూల ఆదితో సహా. మునెమ్మ ఆదిని పక్కన పెట్టి, అందాజుగా ఏటికేడు కొంచెం వదులు పెడుతూ కుట్టి పంపేది. ఆ సంగతి ఆమె చెప్పేది కాదు, ఈమె అడిగేది కాదు. ఈసారి మాత్రం గంగరత్న ఫోను చేసి గట్టిగా చెప్పింది.

"మునెమ్మా, ఆది ఎంతుంటే అంతే కుట్టు. ఒక్క నూలు పోగు గూడా ఎక్కువ పెట్టొద్దు."

"అక్కా, అది నీకు..."

"పడతాది. నేను తగ్గుతాండా."

"యాడ తగ్గుతాండావు?"

"అన్ని తావులా."

అబద్ధం కాదు. తగ్గాలనే ఉంది. పొద్దున్నే ఉలవకట్టు తాగింది. రాత్రి అన్నం మానేసింది. సాయంత్రం రైల్వే స్టేషను దాకా నడిచింది. కానీ స్టేషను ముందు మిరపకాయ బజ్జీల బండి ఉంటుంది. నడిచినదానికి ఏదో ఒకటి చేతికి రావాలి కదా. సభ దగ్గరపడే నాటికి ఆమెలో తగ్గింది ఒక్కటే, ఓర్పు. ఆ తగ్గినదాని బరువు బాలప్ప మోశాడు.

సభరోజు పొద్దున మొగుడూ పెళ్లాం ధర్మవరంలో రైలెక్కారు. దారిలో పెనుకొండలో దిగి, మునెమ్మ దగ్గర జాకెట్టు తొడుక్కుని, చీర మార్చుకుని, బస్సులో హిందూపురం చేరుకోవాలని ఏర్పాటు. రైల్లో గంగరత్న కిటికీ పక్కన మూలకు అణిగి, ఊపిరి కూడా సగం సగం పీల్చుతూ కూర్చుంది. ఎదుటి సీటులో ఎవరూ లేరు. అయినా ఆమె జరగలేదు.

మునెమ్మ మనిషి పెద్దది, అంగడి చిన్నది. ముందర మిషను, వెనక తెర, తెర వెనక ఒక పాత నిలువుటద్దం. గుమ్మంలోంచి చూస్తే పెనుకొండ కొండ అంతా ఎండలో ఎర్రగా కనపడుతుంది.

"కుట్టినావా?" అంది గంగరత్న.

"కుట్టినా. నువ్వు చెప్పినట్లే కుట్టినా. దేవుడున్నాడు," అంది మునెమ్మ, చూపు తప్పించి.

నేరేడు రంగు పట్టు జాకెట్టు ముచ్చటగా ఉంది. తెర వెనక గంగరత్న ఒక చెయ్యి దూర్చింది. చెయ్యి మోచేయి దాటి కొంచెం పోయి, ఇంక పోనని నిలబడింది. రెండో చెయ్యి అంతదూరం కూడా పోలేదు. ఆమె లోపలి నుంచి లాగింది, మునెమ్మ వచ్చి బయటి నుంచి లాగింది. ఇద్దరూ కలిసి ఎలాగో భుజాల మీదికి తెచ్చారు. ముందు చూస్తే హుక్కులు ఒక ఊళ్లో ఉన్నాయి, కాజాలు ఇంకొక ఊళ్లో ఉన్నాయి.

"ఊపిరి బిగబట్టక్కా."

"బిగబట్టే ఉండా. వదిలితే ఈ అంగడి పట్టదు."

బయట బెంచీ మీద కూర్చున్న బాలప్ప కేక వేశాడు. "హిందూపురం బస్సొచ్చింది!" కాసేపాగి, "పోయింది గూడా!"

"పక్కన కుట్లు విప్పు మునెమ్మా. లోపల గుడ్డ వదిలింటావు గదా."

"యాడ వదల్ల? పోగు గూడా ఎక్కువ పెట్టొద్దంటివి. నాకు ఒళ్లు మండి, లోపలి గుడ్డంతా కత్తిరించి పారేసినా."

గంగరత్న జాకెట్టులోంచి బయటపడేసరికి చెమటలు పట్టాయి. ఇంటి నుంచి తొడుక్కుని వచ్చింది వెలిసిపోయిన నూలు జాకెట్టు, చంకల్లో తడి. పట్టుచీర కింద దాన్ని తొడగడానికి లేదు. ఆమె ముక్కాలిపీట మీద కూలబడింది.

"నేను పోను. సంగీతకు ఫోను చేసి మోకాళ్ల నొప్పులని చెప్పు. ఆ ఫోటోనే కుర్చీలో కూచోబెట్టుకోమను. వాళ్లు చూసింది ఆ ఫోటోనే గానీ నన్ను కాదు గదా?"

నవ్వులా మొదలైన మాట చివరికి వచ్చేసరికి ఏడుపైంది. మునెమ్మ మెడలో వేలాడుతున్న టేపు తీసింది.

"లేయక్కా. చేతులెత్తు."

"ఎందుకు?"

"ఇన్నేండ్లుగా అందాజున కుట్టి కుట్టి నాకు విసుగొచ్చింది. ఒక్కసారి కొలవనీ."

"వద్దే."

"ఎత్తుతావా, బాలప్పన్నను పిలవమంటావా?"

గంగరత్న కళ్లు గట్టిగా మూసుకుని చేతులెత్తింది. చల్లని టేపు ఒంటి చుట్టూ తిరిగింది. భుజం, చెయ్యి, వీపు, నడుము. మునెమ్మ అంతా కొలిచింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి కొలిచింది.

"ఎంతో చెప్పొద్దు," అంది గంగరత్న కళ్లు తెరవకుండానే.

"చెప్పను. ఈ కొలత నాకు నోటికొచ్చు. ఎవురిదో తెల్సా?"

"ఎవురిది?"

"తిమ్మక్కది. చేతి చుట్టూ, వీపు అడ్డం, అంతా. రవ్వంత తేడా ల్యా."

గంగరత్న కళ్లు తెరిచింది. మునెమ్మ అప్పటికే మిషను కింది చెక్కపెట్టె లాగి అడుగు దాకా వెతుకుతోంది. పైకి తీసింది ఆకుపచ్చ పట్టు జాకెట్టు. మడతల దగ్గర మెరుపు ఇంకా పోలేదు.

"ఆస్పత్రికి పోకముందు తనకని కుట్టుకుంటా ఉన్నింది. అంతా అయిపోయింది, హుక్కులే మిగిలినాయి. నన్ను కుట్టమనింది. ఆస్పత్రి నుంచి వచ్చినాక తొడుక్కుంటా అనింది. ఆమె రాకపోయె, నాకు సూది పట్టుకునేదానికి చెయ్యి రాకపోయె. ఎవురికని కుట్టేది?" మునెమ్మ జాకెట్టు దులిపింది. "తొడిగింది కాదక్కా, కొత్తదే. తప్పేం లేదు."

గంగరత్న దాన్ని ఒళ్లో పెట్టుకుని చేత్తో నిమిరింది. మెడ పట్టీ మీద అక్క కుట్టు. చివర రెండుసార్లు వెనక్కి తిప్పి ముడివేసే అలవాటు అక్కదే.

"ఊ, సూది ఇయ్యి," అంది.

ఇద్దరూ గుమ్మం వెలుతురులో ఎదురెదురుగా కూర్చున్నారు. మునెమ్మ ఈ పక్క హుక్కులు కుట్టింది, గంగరత్న ఆ పక్క దారంతో కాజాలు అల్లింది. ముడులు వేయడం ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు," అంది మునెమ్మ దారం పంటితో తెంపుతూ. "నీ కథల్లో ఆడోళ్లంతా మల్లెతీగ మాదిరి ఉంటారేంది? లావుది ఒక్కతి గూడా రాదే? మేము కథలకు పనికిరామా?"

గంగరత్న చేతిలో సూది ఆగింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. తన కథల్లోని ఆడవాళ్లందరికీ తాను తెలియకుండానే ఆ ఎర్రపూల ఆదే ఇస్తూ వచ్చింది.

జాకెట్టు చేతుల్లోకి ఇట్టే ఎక్కింది. హుక్కులు ఒకదాని వెంట ఒకటి వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. ఊపిరి బిగబట్టే పని లేదు. చీర కట్టుకుని గంగరత్న తెర వెనకున్న అద్దం ముందుకు పోయింది. దాని మీద తువ్వాలు లేదు. తల నుంచి కాళ్ల వరకు ఆమె తనను చూసుకుని చాలా ఏళ్లయింది. భయం భయంగానే చూసింది. చూస్తే, భుజాలు అక్కవి. రోకళ్లంత చేతులు, మోచేతి పైన ఆ సొట్ట, అక్కవే. పక్కకు తిరిగితే అక్క వీపు. పోయొస్తానని చెప్పి పోయిన మనిషి ఎప్పుడు వచ్చిందో ఏమో, వచ్చి కొన్నేళ్లయినట్టుంది. తాను ఇన్నాళ్లూ తువ్వాలు కప్పింది ఎవరి మీదో గంగరత్నకు అప్పుడు తెలిసింది.

"బాగుండానా?" అంది.

"అద్దాన్ని ఎందుకు అడుగుతావు, బయటికొచ్చి మీ ఆయన్ను అడుగు," అంది మునెమ్మ.

గంగరత్న తెర తొలగించుకుని గుమ్మంలోకి వచ్చింది. బెంచీ మీద బీడీ కాలుస్తున్న బాలప్ప తలెత్తి చూసి, చటుక్కున బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. తిమ్మక్క వదిన ముందు ఆయన ఎప్పుడూ బీడీ తాగలేదు. నిలబడ్డాక తాను ఎందుకు నిలబడ్డాడో తెలిసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వదిన మాదిరే ఉండావే," అన్నాడు మెల్లగా. తర్వాత కింద పడిన బీడీ వైపు చూసి, "బీడీ ఇప్పుడే ముట్టించింటి. దండగయ్యె," అన్నాడు.

వాళ్లు హిందూపురం చేరేసరికి సభ మొదలవబోతోంది. హాలు గుమ్మం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద పాత గంగరత్న, సన్నగా, సిగ్గుపడుతూ. కుంకుమ, పన్నీరు పట్టుకుని నిలబడిన ఒకమ్మాయి ఫ్లెక్సీని చూసి, ఈమెను చూసి, మర్యాదగా అడిగింది.

"గంగరత్న గారి అమ్మగారా అండీ? మేడం ఇంకా రాలేదు."

పొద్దున అయితే గంగరత్న ఆ మాటకు అక్కడి నుంచే వెనక్కి తిరిగి పోయేది. ఇప్పుడు ఆమెకు లోపలి నుంచి నవ్వు తన్నుకొచ్చింది. అది ఆమె నవ్వు కూడా కాదు. బస్సంతా వినపడే నవ్వు.

"అమ్మను కాదు తల్లీ, వాళ్లక్కను," అంది.

ఆ నవ్వు విని సంగీత లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. గొంతు పట్టి గుర్తుపట్టింది. "గంగరత్నక్కా! వచ్చేసినారా!" అని చేతులు పట్టుకుంది. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని, ఉన్న పన్నీరంతా ఈమె మీదే చల్లేసింది.

గంగరత్న మాత్రం ఫ్లెక్సీ వైపే చూస్తోంది. ఫోటోలో తన భుజం మీద ఒక చెయ్యి ఉంది. గాజుల దాకా ఉంది, ఆ పైన లేదు. అక్కను కత్తిరించేశారు. చెయ్యి మాత్రం మిగిలిపోయింది.

"అది చూస్తాండారా? సారీ అక్కా," అంది సంగీత. "మీ ఒక్కరి ఫోటోనే కావాలని తక్కినదంతా తీయించినా. ఆ చెయ్యి గూడా తీసేయమని ఫ్లెక్సీ వాళ్లకు శానా చెప్పినా. వాళ్ల వల్ల కాల్యా. అది తీస్తే మీ భుజం గూడా పోతాందంట."

"పోతాది," అంది గంగరత్న. "పోకుండా ఎట్ల ఉంటాది?"

వేదిక మీద ఆమెకు కుర్చీ వేశారు. చేతుల కుర్చీ. ఇరుగ్గానే ఉంది. ఆమె కొంచెం అటూ ఇటూ కదిలి, చక్కగా సర్దుకుని కూర్చుంది. పూలదండ వేశారు, శాలువా కప్పారు. శాలువా వెచ్చగా ఉంది, పైగా ఆకుపచ్చ జాకెట్టు కనపడటం లేదు. ఆమె దాన్ని తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకుంది. తర్వాత సంగీత మైకు అందించి, 'నేను ఎందుకు రాస్తున్నాను' అని ప్రకటించింది.

గంగరత్న చేతిసంచిలోంచి కాగితం తీసింది. సమాజ చైతన్యం దాకా చదివింది. కింద మొదటి వరుసలో ఒకామె ఆవులింత ఆపుకుంటోంది. తలుపులోంచి బయటి ఫ్లెక్సీ అంచు కనపడుతోంది, సరిగ్గా ఆ చెయ్యి ఉన్న చోటే. గంగరత్న కాగితం మడిచేసింది.

"అమ్మా, నాకు ఇవన్నీ రావు," అంది. "ఈ పొద్దు పెనుకొండలో నాకు జాకెట్టు పట్టల్యా."

ఆవులింత ఆపుకుంటున్నామె నిటారుగా కూర్చుంది. గంగరత్న చెప్పుకుంటూ పోయింది. తువ్వాలు గురించి, ఉలవకట్టు గురించి, మిరపకాయ బజ్జీల గురించి, వేర్వేరు ఊళ్లలో ఉన్న హుక్కుల గురించి. హాల్లో ఒకరు నవ్వారు, తర్వాత ఒక వరుస నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. చాలామంది పాత ఆది జాకెట్లు గుర్తొచ్చినట్టు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. వెనక నుంచి ఒక పెద్దామె, "నాది గూడా పెండ్లినాటిదేనమ్మా!" అని అరిచింది.

నవ్వులు సద్దుమణిగాక గంగరత్న బయటికి వేలు చూపించింది.

"ఆ ఫోటోలో నా భుజం మీద ఒక చెయ్యి ఉండాది, చూసినారా? అందరూ చూసింటారు, ఎవురిదో అని అనుకొనింటారు. ఆ చేతికి ఒక మనిషి ఉండాది. పేరు తిమ్మక్క. శానా లావు. బస్సెక్కితే బస్సంతా నవ్వేది. మనల్ను వదిలి పోయినోళ్లు మనకు ఇట్లాంటివే మిగిలిచ్చి పోతారు. ఒక చెయ్యి, ఒక మాట, హుక్కులు కుట్టని ఒక జాకెట్టు. మిగిలిన మనిషిని ఎవురో ఒకరు కుట్టి పెట్టల్ల. ఎందుకు రాస్తాండావని ఈయమ్మ అడిగినప్పటి నుంచి నిద్ర లేదు. ఇప్పుడు తెలిసింది. నేను హుక్కులు కుట్టేదానికి రాస్తాండా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమెకు భయం వేసింది. అందుకని ఇంకొక మాట చెప్పింది.

"నా కథలన్నీ బస్టాండులో అయిపోతాయని మీకు తెలుసు. మనిషి బస్సెక్కితే కథ అయిపోయిందనుకుంటాంటి. ఇంకమీదట వచ్చే బస్సులు గూడా రాస్తా. వాటిల్లోంచి దిగేవాళ్లు సన్నగా మాత్రం ఉండరు. ముందే చెప్తాండా, పేజీలు కొంచెం వెడల్పుగా పెట్టుకోండి."

అప్పుడు కొట్టారు చప్పట్లు. బాలప్ప అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే చివర ఆపాడు.

సభ అయ్యాక ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగి ఫోటోలు దిగారు. గంగరత్న ఎవరి వెనకా దాక్కోలేదు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, గాజులు బాగా కనపడేట్టు పెట్టింది. బాలప్ప ఎవరినీ అడక్కుండా ఫ్లెక్సీ విప్పి చుట్ట చుట్టాడు.

"వానకు మగ్గం మీద కప్పొచ్చు," అన్నాడు.

"కప్పుకో. చెయ్యి మాత్రం పైకి కనపడల్ల," అంది గంగరత్న.

హిందూపురం స్టేషనులో రైలు కోసం నిలబడి ఆమె మునెమ్మకు ఫోను చేసింది.

"ఎట్ల జరిగిందక్కా?"

"తర్వాత చెప్తా, పెద్ద కథ. ఆ ఎర్రపూల జాకెట్టు నీ కూతురికి ఇయ్యి. నేరేడు రంగుది గూడా. సన్నపిల్ల, పడతాది. ఇంకమీదట ఈ పచ్చదే నా ఆది."

"అక్కా," అంది మునెమ్మ, "నన్ను గూడా రాస్తావా? నేనేం సన్నగా లేను."

"నిన్ను రాయకుండా యాడికి పోతా? నువ్వే మొదట."

రైలు వచ్చింది. ఆదివారం సాయంత్రం, పెట్టె కిటకిటలాడుతోంది. సీట్లో ముగ్గురు కూర్చుని, నాలుగో మనిషికి చోటు లేనట్టు కాళ్లు చాపుకుని ఉన్నారు. ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని బాలప్ప, మనం నిలబడే పోదాంలే అన్నట్టు చూశాడు. గంగరత్న కొంగు నడుముకు దోపుకుని సీటు దగ్గరికి నడిచింది.

"జరగండమ్మా, జరగండి," అంది పెట్టె అంతా వినపడేట్టు. "ఇద్దరు మనుషులంత ఉండా, టికెట్టు మాత్రం ఒకటే తీసుకున్నా!"

వాళ్లు నవ్వి జరిగారు. గంగరత్న కూర్చుంది, నిండుగా.